‘ఎనిమిది’ వేస్తే బండి వచ్చినట్టేనా?

మన శ్రీముఖలింగం చుట్టుపక్కల ఈనాడు మోటారు సైకిలు లేని వీధి లేదు. కాలేజీకి, కూలి పనికి, ఆసుపత్రికి, నరసన్నపేట బజారుకు బండే ఆధారం. మన హాస్టళ్లలో చదివి విశాఖపట్నం, హైదరాబాదు వెళ్లిన అన్నల్లో కొందరు అదే బండి మీద పార్సిళ్లు చేరవేసి ఇంటికి డబ్బు పంపుతున్నారు. ఇంత అవసరమైన పనిని మనకు నేర్పేవారెవరు? ఈ విషయమై మిత్రులతో నాలుగు మాటలు పంచుకోదలిచాము.

మన తాతలు నడిచారు, నాన్నలు సైకిలు తొక్కారు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మనమే, బండి ఎక్కిన మొదటివాళ్లమూ మనమే. తప్పు చేస్తే సరిదిద్దే పెద్దవారు ఇంట్లో లేరు. కోతలయ్యాక ఎండిన పొలంలోనో, వంశధార గట్టు మీదనో బావ బండి అడిగి నాలుగు చుట్లు తిరగడమే మన శిక్షణ. క్లచ్చు వదలడం, గేరు మార్చడం, పడిపోకుండా నిలబడడం తెలిస్తే చాలు, “బండి వచ్చేసింది” అంటారు. బండి వచ్చింది సరే, రోడ్డు వచ్చిందా?

చట్టం ఏమంటుందో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు అనుమతి ఉన్నది 50 సీసీ దాటని బండికి మాత్రమే. మన వీధుల్లో తిరిగేవి 100 సీసీ, ఆ పైవి. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న 30 రోజుల తర్వాత, 6 నెలల గడువులోగా పరీక్షకు వెళ్లాలి. ఈ మధ్య కాలమే నేర్చుకునే కాలం. అప్పుడు లైసెన్సు ఉన్న శిక్షకుడు వెంట ఉండాలని, బండిని అదుపు చేయగల లేదా ఆపగల చోట కూర్చోవాలని 1989 కేంద్ర నిబంధనల్లో 3వ నిబంధన చెబుతోంది. కారులో ఇది కుదురుతుంది. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవారి కాలి కింద కూడా బ్రేకు ఉంటుంది. మోటారు సైకిలు వెనుక సీట్లో కూర్చున్నవారికి ఏ బ్రేకు అందుతుంది? కారుకు సరిపోయే నిబంధననే బండికీ తగిలించారని మా అభిప్రాయం.

డ్రైవింగ్ స్కూళ్లు సొంత వాహనాలు నడిపేవారికి కనీసం 21 రోజులు నేర్పాలని, అందులో 10 గంటలు వాహనం నడిపించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. కాని మోటారు సైకిలు లైసెన్సు కావలసినవారు స్కూలుకు వెళ్లి తీరాలన్న షరతు లేదు. అంటే ఒక్క గంట శిక్షణ లేకుండానే లైసెన్సు పొందవచ్చు. అద్దంలో చూసుకోవడం, సంకేతం ఇవ్వడం, అత్యవసరంగా ఆపడం కూడా పరీక్షించాలని నిబంధనల్లో ఉంది. అయినా లైసెన్సు పరీక్ష గురించి ఎవరినడిగినా ముందు చెప్పేది, కాలు కింద పెట్టకుండా ‘ఎనిమిది’ వేయడమే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లు దాటిపోతుంది. ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని మనలో చాలామందికి భయం. నిజానికి బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండు బ్రేకులూ కలిపి, క్రమంగా బిగించడం సాధనతో వచ్చే విద్య. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, చీకట్లో వెనుక దీపం లేని ట్రాక్టరు, నరసన్నపేట దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీదికి ఎక్కే మలుపు, చక్రతీర్థ స్నానాల నాటి జనసందోహం – వీటిలో ఏదీ ‘ఎనిమిది’లో లేదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణిస్తే, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. లైసెన్సు లేని చేతిలో బండి ఉండగా ప్రమాదం జరిగితే నష్టం ఇంకా పెద్దది. బీమా కంపెనీ బాధితులకు చెల్లించినా, ఆ సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు ఎన్నో కేసుల్లో చెప్పాయి. యజమానికి ఉండే 15 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడా లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. అర ఎకరం పొలం ఉన్న ఇంటికి దీని అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు.

“శిక్షణ తప్పనిసరి చేస్తే పేదవాడు కొనుక్కోవలసిన కాగితం ఇంకొకటి పెరుగుతుంది” అని కొందరు మిత్రులు అంటారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే ముందు శిక్షణ ఉచితంగా, దగ్గరలో దొరకాలి, షరతు ఆ తర్వాత రావాలి. బ్రిటన్‌లో 1990 నుంచి మోటారు సైకిలు నేర్చుకునేవారు ప్రాథమిక శిక్షణ పొందాకే సొంతంగా రోడ్డెక్కుతారు. అందులో కనీసం రెండు గంటలు శిక్షకుని పర్యవేక్షణలో రోడ్డు మీదే నడపాలి. మన ఆర్టీసీ కూడా లైసెన్సు ఉంది కదా అని బస్సు చేతికివ్వదు, మళ్లీ శిక్షణ ఇస్తుంది. మన ప్రాణానికి ఆ మాత్రం విలువ లేదా?

కనుక మేము కోరేది ఇది. 18 ఏళ్లు నిండిన కాలేజీ హాస్టల్ విద్యార్థులకు ఏటా సెలవుల్లో రెండు రోజుల ఉచిత శిక్షణను సాంఘిక సంక్షేమ శాఖ, రవాణా శాఖ కలిసి ఏర్పాటు చేయాలి. బ్రేకు వేయడం, మలుపు తిరగడం, రాత్రి ప్రయాణం, ప్రథమ చికిత్స నేర్పాలి. బాలికల హాస్టళ్లను మరచిపోరాదు, రేపు స్కూటరు మీద ఉద్యోగానికి వెళ్లవలసినవారు వారు కూడా. లైసెన్సు పరీక్షలో అత్యవసరంగా ఆపడం ప్రతి ఒక్కరి చేతా చేయించి చూడాలి.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊరుకోనక్కర్లేదు. పూర్వ విద్యార్థులైన అన్నలారా, అక్కలారా! పండక్కి ఊరొచ్చినప్పుడు 18 నిండని తమ్ముడికి తాళం ఇవ్వకండి. మైనరు నడిపితే సంరక్షకుడికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది. 18 నిండినవారికి మాత్రం ఎల్‌ఎల్‌ఆర్ తీయించండి, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొనివ్వండి, ఖాళీ మైదానంలో ఒక పూట దగ్గరుండి బ్రేకు వేయడం నేర్పండి. పరీక్ష తప్పితే సప్లిమెంటరీ రాసుకోవచ్చు. రోడ్డు మీద ఆ అవకాశం ఉండదని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పవలసింది మనమే.