కొమరోలు పల్లెలకూ ఒక సాయంత్రపు కట్టుబాటు

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడ్‌గావ్ అనే ఊరుంది. జనాభా సుమారు మూడు వేలు. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాల కోసం చేతికిచ్చిన ఫోన్‌ను బడులు తెరిచాక కూడా పిల్లలు వదలడం లేదని ఊరు గమనించింది. 2022 ఆగస్టులో అంతా కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సాయంత్రం ఏడింటికి గుడి దగ్గర సైరన్ మోగగానే టీవీలు, ఫోన్లు కట్టేయాలి. ఎనిమిదిన్నరకు మళ్లీ సైరన్ మోగేదాకా పిల్లలకు చదువు, పెద్దలకు మాటామంతీ.

ఆంధ్రప్రదేశ్‌లోని మన కొమరోలు మండలంలోనూ ఈ పని చేయవచ్చు. చేయాలి కూడా.

అలాగని ఈ ప్రాంతంలో ఫోనే వద్దనడం అన్యాయం. నల్లమల అంచున ఉన్న మెట్ట పల్లెలివి. వానలు మొండికేసిన ఏడు కూలి పనుల కోసం హైదరాబాద్‌కో బెంగళూరుకో వలస పోవడం కొమరోలు, గిద్దలూరు, మార్కాపురం వైపు కొత్త కాదు. అవ్వాతాతల దగ్గర పెరుగుతున్న పిల్లలకు అమ్మానాన్నల ముఖం కనిపించేది వీడియో కాల్‌లోనే. ఆ కాల్ ఆగకూడదు. ఆగాల్సినవి రీల్స్, షార్ట్స్, పొద్దుపోయేదాకా సాగే వాట్సాప్ గ్రూపు తగాదాలు.

విరామం వల్ల ఒరిగేదేమిటన్న ప్రశ్నకు జవాబు ఉంది. 2018లో అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు ఆర్థికవేత్త హంట్ ఆల్‌కాట్ బృందం కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఖాతాలు ఆపించింది. వాళ్లకు రోజుకు సగటున గంట మిగిలింది. ఇంటివాళ్లతో, స్నేహితులతో గడిపే సమయం పెరిగింది. మనసు కొంత కుదుటపడింది, రాజకీయ పంతాలు తగ్గాయి. వార్తలపై అవగాహన మాత్రం తగ్గింది. ఆ లోటును పత్రికతో పూడ్చుకోవచ్చు. గడువు తీరాక కూడా వాడకం మునుపటి స్థాయికి చేరలేదు. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం 154 మందిని తీసుకుని, వారిలో సగం మందిని వారం పాటు సోషల్ మీడియాకు దూరంగా ఉంచింది. ఆ కొద్ది రోజులకే వారిలో ఆందోళన, దిగులు తగ్గినట్లు 2022లో ప్రకటించింది.

మరి ఎవరికి వారే మానేయవచ్చు కదా? కష్టం. 2006లో అజా రాస్కిన్ రూపొందించిన అంతులేని స్క్రోల్ పద్ధతిలో పేజీకి చివరంటూ ఉండదు. ఎక్కడ ఆగాలో కంటికి తెలియదు, వేలు ఆగదు. దానిపై ఆయనే తర్వాత బాధపడ్డారు. వేల కోట్ల వ్యాపారం నడిపే యంత్రాంగాన్ని పద్నాలుగేళ్ల పిల్లాడు ఒక్కడే ఎదిరించాలనడం దయలేని మాట. పక్కింట్లోనూ అదే సమయానికి ఫోన్ పక్కన పెడితే వాడికి దన్ను దొరుకుతుంది.

ఆపించి ఊరుకున్నా పని జరగదు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. పది రోజులు తిరగకుండానే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి. యాప్ మారింది, అలవాటు మిగిలింది. అందుకే ఆ గంటన్నరలో పిల్లలకు చేతినిండా పని ఉండాలి. బడిలో ఒక గది తెరిచి లైటు వేయాలి. డిగ్రీ చదివినవాళ్లు లెక్కలు, ఇంగ్లిష్ చెప్పాలి. పెద్దలు ముందుగా తమ ఫోన్లు తీసి పెట్టాలి. నాన్న రీల్స్ చూస్తుంటే కొడుకు పుస్తకం పట్టడు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపిన అనుభవం మనకుంది. అలాంటి సభలోనే ఈ తీర్మానం చేసుకోవచ్చు. జరిమానాలు వద్దు, ఒప్పించడం చాలు. అత్యవసర కాల్స్‌కు, వలస వెళ్లినవాళ్ల కాల్స్‌కు మినహాయింపు ఇవ్వాలి. ఫోన్ లేకపోతే నిద్రాహారాలు మానేసే పిల్లల విషయంలో తల్లిదండ్రులు సిగ్గుపడకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి సలహా అడగాలి.

పదో తరగతి పరీక్షలు మార్చిలో మొదలవుతాయి. అంతకుముందు జరిగే గ్రామసభలోనే పంచాయతీ పెద్దలు, ఉపాధ్యాయులు, డ్వాక్రా మహిళలు ఈ తీర్మానం పెట్టించాలి. కనీసం పరీక్షలు ముగిసేదాకా అమలు చేసి, ఆ తర్వాత కొనసాగించాలో వద్దో ఊరే తేల్చుకోవాలి.