తాళము వేసిన విద్య

మా పాఠశాలలో కంప్యూటరు గది యొకటి కలదు. దానికి తాళము కలదు. తాళపుచెవి హెడ్మాస్టరుగారి బల్ల సొరుగులో నుండును. తనిఖీ యధికారులు వచ్చిన దినమునను, తల్లిదండ్రుల సభనాడును ఆ తలుపు తెఱవబడును. దీనిని గూర్చి మేము పలుమారులు మొఱపెట్టుకొంటిమి గాని నేడు మేము చెప్పదలచినది ఆ తలుపు తాళమును గూర్చి కాదు; లోపల ప్రతి యంత్రమునకును వేసియున్న రెండవ తాళమును గూర్చి. మొదటిదానిని హెడ్మాస్టరుగారు తీయగలరు. రెండవదానిని హెడ్మాస్టరుగారు గాని, కలెక్టరుగారు గాని, విశ్వవిద్యాలయపు ఉపకులపతిగారు గాని తీయజాలరు. దాని చెవి సముద్రముల కావల నొక వ్యాపారసంస్థవారి పెట్టెలో నున్నది.

ఈ మాట కొందఱికి చమత్కారముగా తోచవచ్చును, కావున వివరింతుము. కంప్యూటరు చేయు ప్రతి పనికిని మనుష్యుడు ముందుగా ఆజ్ఞలు వ్రాసియుంచవలెను. ఆ వ్రాతయే సాఫ్టువేరు. మొదట నది చదువుకొన్నవారు చదివి గ్రహింపదగిన భాషలో నుండును; దానినే సోర్సుకోడందురు, మనము మూలమనవచ్చును. తరువాత నది యంత్రమునకు మాత్రమే పనికివచ్చు అంకెల వరుసగా మార్చబడును. వ్యాపారసంస్థలు చాలవఱకు ఈ రెండవ రూపమునే అమ్మి, మూలమును దాచుకొందురు. కొనినవాడు దానిని వాడుకొనవచ్చునే గాని విప్పి చూడరాదు, దిద్దరాదు, పొరుగువానికి ప్రతి యీయరాదు. మూలము నెల్లరకు నిచ్చి, చదువుడు, దిద్దుడు, పంచుకొనుడని చెప్పునది మఱియొక తెగ. దానిని కొందఱు స్వేచ్ఛా సాఫ్టువేరనియు, కొందఱు ఓపెన్ సోర్సనియు పిలుతురు. ఆ రెండు పేరుల వారికిని చిన్న తగవున్నది. దానితో మనకిక్కడ పనిలేదు.

మేము వ్యాకరణము చదువుకొన్నవారము గనుక మాకు తోచు నుపమానమును అందుండియే వచ్చును. బాలుడు మొదట శబ్దమంజరి చేతబట్టి రామశబ్దమును వల్లించును. ఇరువదినాలుగు రూపములు కంఠస్థమగును. రూప మిట్లేల యైనదని యడిగిన నోరు వెళ్ళబెట్టును. సూత్రములు చదివినవాడో, తానెన్నడును వినని శబ్దమును సయితము సాధించి చూపును. పాణిని తన సూత్రములను పెట్టెలో దాచి, సిద్ధరూపములను మాత్రము రూపమునకింతయని వెలకట్టి యమ్మియుండినచో వార్తికములు పుట్టునా? మహాభాష్యము పుట్టునా? కాత్యాయనుడు పాణినిని దిద్దెను. పతంజలి యిరువురను విచారించెను. నేటి సాఫ్టువేరు ఒప్పందముల ప్రకారమైనచో కాత్యాయనుడు న్యాయస్థానమున ముద్దాయిగా నిలువవలసినవాడే. మన పాఠశాలలు నేడు కంప్యూటరు విద్యయను పేర పిల్లలకు శబ్దమంజరినైన సరిగా చెప్పుట లేదు. ఏ మీట నొక్కిన నేమగునో వల్లింపజేసి యదియే శాస్త్రమనుచున్నవి.

ఇక మే మొక పాపము నొప్పుకొనవలసియున్నది. 2007వ సంవత్సరమున మా గదిలోని యంత్రములు మొరాయించినప్పుడు పట్టణమునుండి యొక యువకుడు సంచిలో సీడీలు వేసికొని వచ్చెను. ఒక పూటలో పది యంత్రములను దారికి తెచ్చి, మున్నూరు రూపాయలు పుచ్చుకొని పోయెను. వాడు వేసిపోయినవి దొంగప్రతులని మేమెఱుగుదుము, హెడ్మాస్టరుగా రెఱుగుదురు, పిల్లలును ఎఱుగుదురు. ఆ దినముననే మధ్యాహ్నము మేము ఏడవ తరగతికి అస్తేయమును గూర్చి పాఠము చెప్పితిమి. పరుల సొత్తు తృణప్రాయమని చెప్పుచుండగా వెనుక బల్లమీది బాలుడొకడు నవ్వెను. మందలింపబోయి, మాట రాక యూరకుంటిమి. ఆ నవ్వు నేటికిని మా చెవులలో నున్నది. ఇది మా పాఠశాలకే ప్రత్యేకమైన కథ యని చదువరు లనుకొనవలదు. తమ పిల్లలు చదువు చోట విచారించి చూడుడు. ధర్మముగా కొనుటకు ధనము లేదు. దొంగిలించుటకు సిగ్గు లేదు. మూడవ మార్గ మున్నదని తెలిసికొనుటకు తీరిక లేదు.

ఆ మూడవ మార్గము నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయపు పరిశోధనాలయమున పనిచేయుచుండిన రిచర్డు స్టాల్మన్ అనునాతడు 1983లో గ్నూ అను పేర పూర్తిగా స్వేచ్ఛగల సాఫ్టువేరు వ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. 1985లో అందుకొక సంస్థను స్థాపించెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి, 21 ఏండ్ల లీనస్ టోర్వాల్డ్సు, లినక్సునకు పునాది వేసి, మూలమును దాచుకొనక లోకమున కొప్పగించెను. ఎక్కడెక్కడివారో దానిని చదివి దిద్ది పెంచిరి. అది యిప్పుడు బీదవారి బొమ్మ యని వెక్కిరించువారు తమ చేతిలోని ఆండ్రాయిడు ఫోను నొకమారు చూచుకొనవలెను. దానికి గర్భమున నున్నది లినక్సే. ప్రపంచమందలి మిక్కిలి వేగముగల 500 కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు మొదలు ప్రతి యంత్రమును దానితోనే నడచుచున్నది. శాస్త్రజ్ఞుల కక్కఱకు వచ్చినది మా ఆరవ తరగతి పిల్లలకు చాలదట!

మాతో వాదించు పెద్దలు ముఖ్యముగా చెప్పు మాట యొకటి కలదు. "కచేరీలలో వాడునది వేఱు, మా పిల్లవానికి దానినే నేర్పవలెను, లేనిచో ఉద్యోగము రాదు" అని. ఇది తల్లిదండ్రుల భయమునుండి వచ్చిన మాట గనుక మేము దీనిని తేలికగా త్రోసివేయము. మధ్యతరగతి సంసారి కొడుకు జీతము మీద ఇంటియప్పును, చెల్లెలి పెండ్లిని, తన వార్ధకమును తగిలించియుంచినాడు. అట్టివానికి ప్రయోగములనిన బెదురు సహజము. కాని యీ భయము తప్పు దారి చూపుచున్నది. నేడు ఆరవ తరగతిలోనున్న బాలిక ఉద్యోగమున కేగుటకు పదేండ్లైన పట్టును. అంతవఱకు ఆ మీట లదే చోట నుండునా? 2007లో మైక్రోసాఫ్టు ఆఫీసు తన ముఖమునే మార్చుకొనినప్పుడు, వరుసలు కంఠస్థము చేసినవా రందఱును మరల ఓనమాలు దిద్దుకొనవలసివచ్చెను. పట్టిక యనగా నేమి, లెక్క యెట్లు కట్టవలెను, ఒక విషయమును క్రమముగా నెట్లు వ్రాయవలెనని నేర్చినవారికి ఆ బాధ రెండు దినములలో తీరినది. లిబ్రెఆఫీసులో చక్కగా నేర్చినవాడు ఏ కచేరీలోనైనను కూర్చుండగలడు. బడి పని దుకాణమునకు ఖాతాదారులను తయారుచేయుట కాదు. కాని ఆ పని జీతము లేకుండ చేయుచున్నాము.

ఇంకొందఱు "కంపెనీవారు పాఠశాలలకు ఉచితముగనే యిచ్చుచున్నారు గదా" యందురు. ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. ఇచ్చినవాడు తీసికొనగలిగినది దానము కాదు, ఎఱవు. గూగులు సంస్థ విద్యాలయములకు అపరిమితమైన నిలువ స్థలమును ఉచితముగా నిచ్చెను. విశ్వవిద్యాలయములు తమ సమస్తమును అందు చేర్చినవి. 2021లో ఆ సంస్థయే హద్దు విధించుచున్నామని ప్రకటించెను. ఆ ప్రకటనతో ఎక్కడెక్కడి విద్యాలయములో తమ సామానులు లెక్కపెట్టుకొనవలసివచ్చెను. ఫ్లాష్ అను సాధనముతో పిల్లలకై చేసిన పాఠములెన్నో, ఆటలెన్నో! 2020 డిసెంబరు 31తో యజమాని దానిని చాలించెను. ఆ పాఠములు మూగవోయినవి. యజమానుల నిందించుట మా యభిమతము కాదు. వర్తకుడు వర్తకుని ధర్మము చేసెను. ఉపాధ్యాయుడు ఉపాధ్యాయుని ధర్మము చేసినాడా యనునదే మా ప్రశ్న.

మన భాష విషయమై మాకున్న బాధ వేఱు. యూనికోడులో 1991లోనే తెలుగునకు చోటు దొరకెను. ప్రతి యక్షరమునకును ప్రపంచమంతట నొకటే సంకేతము. అయినను మన అచ్చుపనివారు చిరకాలము ఎవరి ఖతికి వారి సంకేతములతో పని సాగించిరి. ఆ ఖతి, ఆ సాఫ్టువేరు రెండును ఉన్న యంత్రమునందే ఆ వ్రాత తెలుగుగా కనబడును. లేనిచో ఇంగ్లీషు అక్షరముల చెత్త. మేము పదునైదేండ్ల క్రిందట ఎంతో శ్రమపడి కూర్చిన మా పాఠశాల వార్షికసంచిక నేడట్లే యున్నది. అందు పిల్లలు తమ తాతల నడిగి వ్రాసికొన్న మా యూరి చెఱువుల కథలు కలవు. ఆ తాతలలో నొక్కరును ఇప్పుడు లేరు. అచ్చుప్రతులు వానకు తడిసిపోయినవి. కంప్యూటరులోని ప్రతి కన్నులెదుట నుండియు చదువరాదు. తాటాకును చెదలు తినుటకు మున్నూరేండ్లు పట్టెడిది. బ్రౌనుదొర కడపలో పండితులను కూర్చుండబెట్టి ప్రతికి ప్రతి వ్రాయించి సరిచూపించినందుననే గదా మన కావ్యములు కొన్ని దక్కినవి! ప్రతి వ్రాసికొనుట నేరమను కట్టుబాటు అప్పుడుండినచో నేమగునో చదువరులే యోచింతురు గాక.

మనవారిలోను ఉదారులు లేకపోలేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన యను తెలుగు ఖతులను నిర్మించి ఎల్లరకును స్వేచ్ఛగా నిచ్చిరి. హైదరాబాదున స్వేచ్ఛ యను పేరనే యొక సంస్థ 2005 నుండి కంప్యూటరును తెలుగున మాటలాడించుటకు పాటుపడుచున్నది. బొంబాయి ఐ.ఐ.టి.వారు, కేంద్రప్రభుత్వపు ధనసహాయముతో, కళాశాలలలో స్వేచ్ఛా సాఫ్టువేరు నేర్పుటకై పాఠములు చేసి, తెలుగునకును తెచ్చిరి. 2015లో భారతప్రభుత్వము తన కార్యాలయములలో ఓపెన్ సోర్సునకే మొదటి పీట వేయవలెనని విధానము ప్రకటించెను. విధానము కాగితము మీద నున్నది. మన ఇంజనీరింగు కళాశాలలలో నాలుగేండ్లు చదివియు, లోకమున నిజముగా వాడుకలోనున్న ఒక్క పెద్ద ప్రోగ్రామునైన మూలమున చదువక పట్టా పుచ్చుకొనువారిని మేమెఱుగుదుము, మా శిష్యులే. కావ్యము నొక్కటియు చదువక అలంకారశాస్త్రము వల్లించినట్టి చదువది.

"ఇది మన దేశమున సాగునా?" యనువారికి సరిహద్దు దాటనక్కఱలేని నిదర్శనము కేరళము. అచట 2001లో పాఠశాలల కంప్యూటరు విద్యకై ఐ.టి. ఎట్ స్కూలు అను పథకము పుట్టినది. క్రమముగా నది పూర్తిగా స్వేచ్ఛా సాఫ్టువేరునకు మాఱినది. పదవ తరగతి ప్రాయోగిక పరీక్షయు దానిమీదనే జరుగుచున్నది. ఆ పథకమే 2017లో కైట్ అను సంస్థయైనది. 2019 నాటికి రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తమ పాఠములకు తగినట్లు తామే కూర్చుకొన్న లినక్సును సిద్ధపఱచిరి. అన్నిటికంటె మాకు మెచ్చుగా తోచినది వారు ఉపాధ్యాయునితో ప్రారంభించుట. వేలమంది ఉపాధ్యాయులకు, మలయాళము చెప్పువారికి, గణితము చెప్పువారికి, స్వయముగా నడుపుట, చెడినది బాగుచేసికొనుట నేర్పిరి. మన వద్ద యంత్రములు ముందు వచ్చును. టెండరు ముందు వచ్చును. ఉపాధ్యాయుడు కడపట వచ్చును, ఒక్కొక్కప్పుడు రానేరాడు.

ఈ దారి పూలబాట యని మేము చెప్పము. జర్మనీలో మ్యూనిక్ నగరపాలకసంఘమువారు ఏండ్ల తరబడి శ్రమించి తమ కచేరీలను లినక్సునకు మార్చి, 2017లో తిరిగి పాతదానికే పోవ నిశ్చయించిరి. అదే దేశమున ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము 2024లో తన 30,000 కంప్యూటర్లను లిబ్రెఆఫీసునకు మార్చెదమని ప్రకటించినది. పాలకులు మాఱిన బుద్ధులు మాఱును. నేర్పక, ఓర్వక, ఒక్క నాటిలో మార్చిన యెడల ఏ సంస్కరణమైనను వెనుకకే నడచును. వితంతువివాహములు చేయించిన పెద్దలకు ఈ సంగతి మేము చెప్పనక్కఱలేదు.

మా గది మాట కొకసారి తిరిగి వత్తుము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 నకు రక్షణ సవరణలు నిలిచిపోయినవి. మా పండ్రెండు యంత్రములు క్రొత్తదానికి పనికిరావనియు, అన్నిటిని మార్చవలెననియు దుకాణదారుడు ధరల పట్టిక తెచ్చి యిచ్చెను. ఆ మొత్తము మా పాఠశాల గ్రంథాలయమునకు పదేండ్లలో పెట్టిన వ్యయమును మించినది. మేము ఒక యంత్రమును అడిగి పుచ్చుకొని, తొమ్మిదవ తరగతి బాలికలిద్దఱితో కూడి, రెండు శనివారములు కూర్చుండి దానిలో లినక్సు వేసితిమి. మొదటి శనివారము ప్రింటరు కదలలేదు. మాకు తల బొప్పికట్టెను. రెండవ శనివారము వారిలో నొకతె దాని మందును కనిపెట్టెను. ఇప్పుడా యంత్రము తెలుగున లేచి తెలుగున నిద్రించుచున్నది. ఆ బాలిక తెరమీది యొక తెలుగుమాట తప్పని పట్టి, దానిని దిద్దువారికి జాబు వ్రాయవచ్చునా యని మమ్మడిగినది. వ్రాయుమంటిమి.

పాఠశాల కమిటీ వచ్చే నెల రెండవ శనివారమున కూడి దుకాణదారుని పట్టికను విచారించును. మా విజ్ఞాపనమును ముందుగనే సమర్పించితిమి: క్రొత్త యంత్రములు కొనవలదు, ఆ ధనములో నాల్గవవంతు వెచ్చించి ఆఱుగు రుపాధ్యాయులకు వేసవి సెలవులలో శిక్షణ మిప్పింపవలెను, పండ్రెండు యంత్రములను బాలికలచేతను, బాలురచేతను మార్పింపవలెను. సభ్యులు స్వయముగా చూచుటకై ఆ యొక్క యంత్రమును బల్లమీద నుంచి, గది తలుపు తెఱపించి యుంచుమని హెడ్మాస్టరుగారిని వేడియున్నాము. వారింకను తాళపుచెవి యీయలేదు.