ఆరులో చేరినవాళ్లు పదిలో ఎంతమంది?

గౌరవనీయులైన పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల కలెక్టర్ గార్లకు,



పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మా ప్రాంతంలో మాటలన్నీ శాతాల మీదే నడుస్తాయి. జిల్లాకు ఎన్నో స్థానం, మండలానికి ఎన్నో స్థానం, ఏ హైస్కూలుకు నూటికి నూరు, ఏ హెడ్మాస్టరుకు మెమో. ప్రభుత్వ బడులను పోల్చడం తప్పని నేను అనను. ప్రజల సొమ్ముతో నడిచే బడి ఎలా నడుస్తోందో ప్రజలకు తెలియాల్సిందే. పోల్చే కొలత సరిగా లేదన్నదే నా బాధ.

2025 ఫలితాలే చూడండి. పార్వతీపురం మన్యం జిల్లా 93.90 శాతంతో రాష్ట్రంలో మొదట నిలిచింది. అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో చివర నిలిచింది. రెండూ గిరిజనులు ఎక్కువగా ఉన్న జిల్లాలే, రెండింట్లోనూ కొండ ప్రాంతాలున్నాయి. కాబట్టి మాది వెనకబడిన ప్రాంతమన్న సాకు చెల్లదు, నేను చెప్పడం లేదు కూడా. కానీ ఒకచోట ఏం చేశారో, ఇంకోచోట ఏం చేయలేకపోయారో ఆ రెండు అంకెలు పట్టుకుని ఎవరైనా చెప్పగలరా?

జిల్లా నుంచి బడి దాకా దిగితే సంగతి ఇంకా అన్యాయంగా ఉంటుంది. ఒక లంక గ్రామంలో పదో తరగతిలో 12 మంది ఉన్నారనుకోండి. ఒక్క పిల్ల లెక్కల్లో తప్పితే ఆ బడి ఉత్తీర్ణత 91.7 శాతానికి పడిపోతుంది. మా తాడేపల్లిగూడెంలో 150 మంది రాసే హైస్కూల్లో ఒకరు తప్పితే తగ్గేది ఒక శాతం కూడా కాదు. ఈ రెండు బడులనూ ఒకే పట్టికలో పైనా కిందా వేసి, కిందున్నవాళ్లను సంజాయిషీ అడగడం ఏం న్యాయం?

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకొకటుంది. శాతంలోకి పరీక్ష రాసినవాళ్లే వస్తారు. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో మానేసిన పిల్ల ఆ లెక్కలో ఉండదు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువు కాపలాకు కుదిరిన కుటుంబానికి గట్టు మీద మకాంలోనే కాపురం. బడి దూరం. మొదట్లో తండ్రి బండి మీద దింపి వస్తాడు. చెరువుకు మేత వేసే వేళ, బడి వేళ ఒకటైతే అదీ ఆగిపోతుంది. చేపల పట్టుబడి రోజుల్లో తల్లి పనిలోకి వెళ్తే చంటివాడిని పెద్ద పిల్లే చూసుకోవాలి. నెల తిరిగేసరికి పాఠాల్లో వెనకబడి, నలుగురిలో సిగ్గుపడి, ఇక రాదు. ఆ పిల్లను వదిలేసిన బడికి శాతం బాగుంటుంది. ఇంటికి పదిసార్లు తిరిగి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి తీసుకొచ్చి పరీక్ష రాయించిన బడికి, ఆమె ఒక సబ్జెక్టు తప్పితే, మెమో వస్తుంది. ఈ కొలత పెట్టి మంచి టీచర్లను ఎలా నిలబెట్టుకుంటాం?

అందుకే నా మొదటి విన్నపం ఇది. ప్రతి హైస్కూల్లో ఆరో తరగతిలో చేరినవాళ్లలో ఐదేళ్లకు ఎంతమంది పదో తరగతి పాసయ్యారు, ఎంతమంది టీసీ తీసుకుని వేరే బడికి వెళ్లారు, ఎంతమంది ఆచూకీ లేదు అన్నది చెప్పండి. 2022-23 నుంచి బడుల సమాచార వేదిక అయిన యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థి వివరం విడిగా నమోదవుతోంది. కాబట్టి ఈ లెక్కకు కొత్త యాప్ అక్కర్లేదు. ఉన్న యాప్‌లతోనే టీచర్లు సతమతమవుతున్నారు.

రెండో విన్నపం ప్రాథమిక బడుల గురించి; వాటి సంగతి వేరు. ఈమధ్య కొల్లేటి లంకలో ఒక బడికి వెళ్లాను. ఒకే టీచరమ్మ, ఐదు తరగతులు. చిన్నపిల్లలు వరండాలో పలకల మీద గుణింతాలు దిద్దుతున్నారు. లోపల ఒక గోడకు మూడో తరగతి తీసివేతలు, ఎదుటి గోడకు ఐదో తరగతి భిన్నాలు. మధ్యలో వంటావిడ వచ్చి కోడిగుడ్ల లెక్క చెప్పి సంతకం అడిగింది. ఐదో తరగతి కుర్రాడి చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చాను. వత్తు వచ్చిన ప్రతిచోటా ఆగి టీచరమ్మ మొహం చూశాడు. నేను ఏమనుకుంటానోనని ఆవిడే అంది: "జూన్‌లో వీడికి అక్షరాలే రావండీ. ఇప్పుడు మాటలు కూడబలుక్కుంటున్నాడు."

ఆ కొద్ది నెలల్లో ఆవిడ చేసిన పని ఏ పట్టికలోనూ కనబడదు. బడుల మరమ్మతుల కోసం 2019లో మొదలైన నాడు-నేడు పథకంతో వచ్చిన రంగులు, మరుగుదొడ్లు కంటికి కనబడతాయి, అవసరమే కూడా. పిల్లవాడు ఏడాది మొదట్లో ఎక్కడున్నాడు, చివరికి ఎక్కడికి వచ్చాడు అన్నది కూడా అలాగే కనబడాలి. పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేవాళ్లు ఇళ్లకు వెళ్లి పిల్లల చేత రెండో తరగతి స్థాయి పాఠమే చదివిస్తారు. అంత తేలిక పరీక్షను జూన్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి మన బడుల్లో తల్లిదండ్రుల కమిటీ ఎదుటే పెట్టవచ్చు. పిల్లల పేర్లు వద్దు, సంఖ్య చాలు.

ఆ సంఖ్య పక్కనే బడి నడిచిన రోజులూ రాయండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేట్లోకి దిగినప్పుడు లంకలకు పడవలే దిక్కయ్యాయి; అలాంటప్పుడు బడి ఎన్ని రోజులు నడవలేదో రాయాలి. ఏకోపాధ్యాయ బడిలో టీచరు సెలవు పెడితే పక్క ఊరి నుంచి సర్దుబాటు చేయాలి. ఆ సర్దుబాటు కుదరని రోజులెన్నో లెక్క ఉండాలి. బడుల విలీనం, టీచర్ల కేటాయింపులకు సంబంధించిన జీవో 117 రద్దయ్యాక 2025లో మోడల్ ప్రైమరీ బడుల్లో తరగతికో టీచరు అన్నారు. చాలా మంచి పని. పిల్లలు తక్కువున్న లంక బడికి మాత్రం ఆ మేలు అందదు.

మీ ఇద్దరికీ కలిపి రాయడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక కైకలూరు, మండవల్లి, భీమడోలు, నిడమర్రు ఏలూరు వైపు, ఆకివీడు పశ్చిమ గోదావరి వైపు వచ్చాయి. జిల్లా ఏదైనా సరే, కొల్లేరు అంచు బడులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆకివీడు మండలంలోని లంక బడిని కైకలూరు మండలంలోని లంక బడితో పోల్చండి, తాడేపల్లిగూడెం పట్టణ బడిని ఏలూరు పట్టణ బడితో పోల్చండి, మెట్టను మెట్టతో పోల్చండి. అప్పుడు బాగా చేసిన బడి ఏం చేసిందో మిగతావాళ్లు వెళ్లి చూసి నేర్చుకోగలుగుతారు.

వచ్చే జూన్ 12న బడులు తెరిచేనాటికి ప్రతి బడి లెక్కనూ ఒక పేజీలో, తల్లులు చదువుకోగలిగే తెలుగులో, గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టించమని ఇద్దరినీ వేడుకుంటున్నాను.

ఇట్లు,
తాడేపల్లిగూడెం విశ్రాంత ఉపాధ్యాయుడు