పోటీ కంటే ముందు అంబులెన్సును చూడండి

మిశ్రమ యుద్ధకళల పోటీలు ఇప్పుడు మన పట్టణాలకూ వచ్చాయి. ఒకప్పుడు విదేశీ టీవీ ఛానళ్లలో మాత్రమే కనిపించిన ఈ ఆటను 2022లో విడుదలైన ‘లైగర్’ చిత్రం తెలుగు యువతకు మరింత చేరువ చేసింది. ఇది క్రీడయా, క్రౌర్యమా అన్న చర్చ వైద్యులలో చాలాకాలంగా ఉన్నదే. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ ఆటను నిషేధించనక్కరలేదు. కాని వైద్య సదుపాయం లేని పోటీకి టిక్కెట్టు కొని వెళ్లి చప్పట్లు కొట్టేవారు అక్కడ జరిగే హానిలో తామూ భాగస్థులేనని గ్రహించాలి.

ఇటీవల మా ఊరిలో ఒక ఫంక్షన్ హాలులో జరిగిన ఇటువంటి పోటీకి ప్రేక్షకుడిగా వెళ్లాను. వీధి కొట్లాట వంటిదేదో చూడవలసి వస్తుందనుకున్నాను. నేను చూసినది వేరు. యువకులు నెలల తరబడి సాధన చేసి వచ్చారు. ఓడినవాడు గెలిచినవాడి గురువుకు నమస్కరించాడు. పట్టు బిగిసినప్పుడు చేతితో రెండుసార్లు తట్టితే చాలు, ప్రత్యర్థి వెంటనే వదిలేస్తాడు. మెడకు ఇరువైపులా ఉన్న కెరోటిడ్ ధమనులు నొక్కుకుపోతే పది సెకన్ల లోపే స్పృహ తప్పవచ్చు. కనుక ఓటమిని గౌరవంగా ఒప్పుకొనే ఈ పద్ధతి నిజమైన రక్షణ కవచం.

నియమాలు కూడా కాలక్రమంలో మెరుగుపడ్డాయి. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ పోటీలు జరిగినప్పుడు బరువు తరగతులు లేవు. 2000 ప్రాంతంలో న్యూజెర్సీలో రూపుదిద్దుకున్న ఏకీకృత నియమాలు రౌండ్లకు సమయాన్ని, బరువు తరగతులను, నిషిద్ధమైన దెబ్బలను నిర్ణయించాయి. తల వెనుక భాగంలోను, వెన్నెముక మీదను కొట్టరాదన్నది వాటిలో ఒకటి.

అయినా తలకు తగిలే దెబ్బ సంగతి అలాగే ఉంది. చేతి తొడుగులు ముఖ్యంగా కొట్టేవాడి వేళ్ల ఎముకలను కాపాడతాయి, దెబ్బ తినేవాడి మెదడును కాదు. పుర్రె లోపల ద్రవంలో తేలుతున్న మెత్తని మెదడు దెబ్బకు ఒక్కసారిగా కదిలి, మెలి తిరుగుతుంది. 1928లోనే మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు మాట తడబడే, అడుగులు తూలే బాక్సర్ల స్థితిని వైద్య పత్రికలో వర్ణించాడు. 2014లో టొరంటో పరిశోధకులు యూఎఫ్‌సీ పోటీల వీడియోలను పరిశీలించి ఒక సంగతి తేల్చారు. నాకౌట్ దెబ్బ తగిలిన తరువాత రిఫరీ ఆట ఆపేలోగా సగటున మూడున్నర సెకన్లు గడిచాయి. ఆ వ్యవధిలో ఓడినవాడి తలకు సగటున రెండున్నరకు పైగా దెబ్బలు అదనంగా తగిలాయి. రిఫరీ తొందరగా ఆపితే “అప్పుడే ఆపేశావేం?” అని అరిచేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. ఆ సాయంత్రం అటువంటి అరుపులు నేను చాలా విన్నాను.

నన్ను కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. భుజం కీలు జారిన ఒక యువకుణ్ణి తీసుకొని అక్కడున్న ఒకే ఒక్క అంబులెన్సు వెళ్లిపోయింది. పోటీలు మాత్రం ఆగలేదు. తరువాతి పోటీలోనే ఇరవై ఏళ్లయినా నిండని ఒక కుర్రవాడు తలకు తన్ను తగిలి క్షణకాలం స్పృహ తప్పాడు. లేచి నవ్వుతూ వెళ్లి మిత్రులతో ఫొటోలు దిగాడు. అందరూ తేలికగా ఊపిరి పీల్చుకున్నారు. వైద్యుడికి భయం మొదలయ్యేది అక్కడే. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తనాళం చిట్లినప్పుడు, మొదట స్పృహ తప్పినవాడు తేరుకొని కొంతసేపు మామూలుగా మాట్లాడవచ్చు. రక్తం చేరి మెదడును నొక్కేసరికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, కొన్ని గంటలూ పట్టవచ్చు. ఆ కుర్రవాడికి ఏమీ కాలేదు. అది అతడి అదృష్టం. నిర్వాహకుల ఘనత కాదు.

కంటికి కనబడని మరో ప్రమాదం బరువు తగ్గించుకోవడం. తక్కువ బరువు తరగతిలో ఆడాలని నీళ్లు మానేసి, ఆవిరి గదుల్లో చెమట కార్చే అలవాటు ఈ ఆటలో ఉంది. 2015లో మనీలాలో యాంగ్ జియాన్ బింగ్ అనే చైనా క్రీడాకారుడు, వయసు 21, పోటీకి ముందే ఇలా బరువు తగ్గే క్రమంలో మరణించాడు. ఆ తరువాత ఆ సంస్థ ఒంట్లో నీరు తగ్గించుకొని బరువు దించే పద్ధతిని నిషేధించింది.

ప్రపంచ వైద్య సంఘం 1983లోనే బాక్సింగును నిషేధించాలని కోరింది. ఆ వాదనలోని ఆవేదన నాకు తెలుసు. కాని నిషేధం సంగతి మనకు సంక్రాంతి కోడిపందేలు ఏటా చెబుతూనే ఉన్నాయి. నిషేధిస్తే ఆట ఆగదు, తోటల్లోకి పోతుంది. అక్కడ వైద్యుడు ఉండడు.

కనుక అడగవలసినవి అడుగుదాం. ఆట ఆపే అధికారం ఉన్న వైద్యుడు వేదిక పక్కనే ఉండాలి. అంబులెన్సు లేని సమయంలో పోటీ జరగకూడదు. సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి ముందే సమాచారం ఇవ్వాలి. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు తప్పనిసరి కావాలి. నాకౌట్ అయినవారిని వైద్యుడు అనుమతించే వరకు, కనీసం కొన్ని వారాలపాటు, సాధనలో కూడా తలకు దెబ్బ తగలనివ్వరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి మొదటి ఇరవైనాలుగు గంటలూ ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, విపరీతమైన మగత, ఫిట్స్, తడబడే మాట, ఒక కంటిపాప పెద్దది కావడం కనిపించినా 108కి ఫోన్ చేయండి. “పడుకుంటే తగ్గుతుంది” అనుకోవద్దు. మద్యం, ఆస్పిరిన్ వంటివి ఇవ్వరాదు.

ప్రేక్షకులకూ ఒక పని ఉంది. హాలులో అడుగుపెట్టగానే అంబులెన్సు ఎక్కడుంది, వైద్యుడెవరు అని అడగండి. జవాబు లేకపోతే టిక్కెట్టు డబ్బు వెనక్కి అడిగి ఇంటికి రండి. పదిమంది అలా అడిగిన ఊరిలో తరువాతి పోటీకి అంబులెన్సులు రెండు వస్తాయి.