లాగ్‌బుక్‌లో మా వదిన లేదు

మా ఊరి నుంచి తారు రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు. ఉత్త చేతుల్తో దిగితే గంట, డోలీతో దిగితే ఎంతసేపో చెప్పలేం. రెండేళ్ల కిందట వానాకాలంలో మా వదినకి అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. కర్రకి దుప్పటి కట్టి, అన్న, నేను, చిన్నాన్న కొడుకులిద్దరు మార్చి మార్చి మోసుకుంటూ దింపాం. ఊళ్లో సిగ్నల్ ఉండదు. సగం దారిలో ఒక బండ ఉంది, దానిమీదికెక్కి ఫోను పైకి పట్టుకుంటే రెండు గీతలొస్తాయి. అక్కణ్నుంచి 108కి చేశాం. బండి వేరే కేసు మీద ఉంది, గంట పైనే పడుతుందన్నారు. పీహెచ్‌సీలో బైక్ అంబులెన్స్ ఉంది కదా అని ఆశా అక్క కబురు పంపింది. ఉంది, నిజమే. షెడ్డులో, టార్పాలిన్ కింద, బ్యాటరీ చచ్చి, వెనక టైరులో గాలి లేకుండా ఉంది.

రోడ్డు పక్కన వదినని పడుకోబెట్టి, మీద గొడుగు పట్టుకుని కూర్చున్నాం. అప్పుడే పోలీసు బండి ఒకటి వచ్చింది. కూంబింగ్‌కి వెళ్లిన పార్టీని పైన దింపి ఖాళీగా తిరిగొస్తోంది. డ్రైవర్ హోంగార్డు. మనోడే, మాకు వరసకి బావ. బ్రేకు వేసి, దిగి, ఒక్క మాట అడక్కుండా వెనక డోరు తీశాడు. నలభై నిమిషాల్లో ఆస్పత్రి. ఆ రోజు పుట్టిన మేనకోడలు ఇప్పుడు నా చెప్పులేసుకుని ఇల్లంతా తిరుగుతోంది.

నేను రాయాలనుకున్నది దాని తర్వాత జరిగింది. ఆస్పత్రి గేటు బయట బావ లాగ్‌బుక్ తీశాడు. తేదీ, బయల్దేరినప్పటి రీడింగ్, తిరిగొచ్చినప్పటి రీడింగ్, ఎక్కణ్నుంచి ఎక్కడికి, పర్పస్, కింద ఆఫీసర్ సంతకం. మామూలు దారికన్నా ముప్పై కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది బండి. పెన్ను పట్టుకుని నన్ను చూసి అన్నాడు: “ఒరే, నువ్వు డిగ్రీ చదివావు కదా, పర్పస్ కాలమ్‌లో ఏం రాయమంటావు?” నా దగ్గర జవాబు లేదు. ఆయన “బందోబస్తు” అని రాశాడు.

బావ ఇప్పుడు ఆ డ్యూటీలో లేడు, అందుకే ఇది రాయగలుగుతున్నాను.

ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు. మా వదిన పురుడు సర్కారు లెక్కల్లో బందోబస్తు. మన కొండల్లో సర్కారు బండి కదలాలంటే దానికి ఒక కారణం కావాలి. ఆ కారణాల జాబితాలో నొప్పులు పడుతున్న ఆడమనిషి లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనకి చిన్నప్పటి నుంచి ఒక మాట చెప్తూ వచ్చారు. ఏజెన్సీలో బళ్లు నిలబడవు, ఘాట్ రోడ్లు, వానలు, బురద, దూరం, మెకానిక్ దొరకడు, డ్రైవర్ ఉండడు. అందుకే అంబులెన్స్ మూలన పడింది అంటారు. నేనూ చాన్నాళ్లు నమ్మాను. కానీ అదే మండలంలో, అదే బురదలో, అదే ఘాట్‌లో పోలీసు బండి తిరుగుతూనే ఉంది కదా! దానికి వాన పడదా? దాని టైరుకి మేకు దిగదా?

అది ఎలా తిరుగుతుందో బావని అడిగి తెలుసుకున్నాను. పొద్దున్నే బండి స్టార్ట్ చేసే ముందు డ్రైవర్ బానెట్ ఎత్తాలి. ఇంజన్ ఆయిల్, రేడియేటర్‌లో నీళ్లు, బ్రేక్ ఆయిల్, ఫ్యాన్ బెల్టు, బ్యాటరీ, టైర్లలో గాలి, స్టెప్నీ, జాకీ, లైట్లు, హారన్, సైరన్ చూడాలి. ఎంటీ వాళ్ల భాషలో దీన్ని ఫస్ట్ పరేడ్ అంటారు. మనుషులకే కాదు, బండికీ పరేడ్ ఉంది! వైర్‌లెస్ సెట్టు, పైన తిరిగే లైటు, సైరన్ అన్నీ ఆ బ్యాటరీనే తాగుతాయి కాబట్టి ఇంజన్ ఆపి ఎక్కువసేపు సెట్టు వాడకూడదు. పని లేకపోయినా రోజూ కాసేపు ఇంజన్ ఆన్ చేయాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఇన్ని కిలోమీటర్లకి సర్వీసింగ్, ఇన్ని కిలోమీటర్లకి టైర్లు అని లెక్క. పైన జిల్లా కేంద్రంలో మోటార్ ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్, దానికో ఆఫీసర్, మెకానిక్‌లు, స్పేర్లు, డీజిల్‌కి బడ్జెట్టు. బండి ఆగితే ఎందుకు ఆగిందని రాతపూర్వకంగా అడిగేవాడు ఒకడుంటాడు. అసలు సంగతి ఆ అడిగేవాడే.

ఇక మందుపాతరల నుంచి కాపాడే బండి సంగతి చూడండి. మైన్ ప్రొటెక్టెడ్ వెహికల్. మన పక్కనే, మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో, ఎద్దుమైలారంలో తయారైంది. పేలుడు దెబ్బ పక్కలకి చీలిపోవాలని దాని పొట్ట ‘వి’ అక్షరంలా ఉంటుంది. మందపాటి ఉక్కు, తూటా దిగని అద్దాలు. అంత బరువున్న బండి ఘాట్‌లో నత్తలా ఎక్కుతుంది, మలుపులో ఒరుగుతుంది, డీజిల్ తాగుతుంది. అలాంటిదాన్ని కూడా ఏళ్ల తరబడి మన కొండల్లో నడిపారు. ఉక్కు ఏనుగుని నడపగలిగిన వ్యవస్థకి ఒక బైక్ టైరులో గాలి కొట్టడం చేతకాదా?

2018లో ఏజెన్సీకి బైక్ అంబులెన్సులు వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. జెండా ఊపారు, ఫొటోలు దిగారు. బైక్ పక్కన పడక, పెద్ద బండి పోలేని దారికి చిన్న బండి. ఆలోచన మంచిదే, దాన్ని తప్పు పట్టను. బండి ఇచ్చారు గానీ పరేడ్ ఇవ్వలేదు. పొద్దున్నే దాన్ని చూసేవాడు ఎవరు, టైరు పోతే ఏ పద్దులోంచి కొనాలి, పైలట్ సెలవు పెడితే ఇంకొకడెవడు, ఇవేవీ జెండా ఊపిన రోజు ఎవరూ అడగలేదు. మనమూ అడగలేదు. అదీ ఒప్పుకోవాలి. కొత్త బండి కోసం ధర్నా చేశాం గానీ, పాత బండి లాగ్‌బుక్ చూపించమని ఒక్కసారైనా కూర్చున్నామా?

రూలు రాసేవాళ్లకి ఏది గుర్తుంటుందో కూడా చూడండి. 2023 జనవరిలో కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు ఏప్రిల్ 1 నుంచి రోడ్డెక్కకూడదు. మంచిదే, పాత బళ్లు పొగ కక్కుతాయి, బ్రేకులు పడవు. కానీ అందులోనే ఒక మినహాయింపు ఉంది. దేశ రక్షణకి, శాంతిభద్రతలకి, అంతర్గత భద్రతకి వాడే కవచ వాహనాలకి, ప్రత్యేక వాహనాలకి ఈ రూలు వర్తించదు. అంటే రాస్తున్నప్పుడు ఎవరో ఒకరు ఆగి, “ఆ బండి పోతే దాని స్థానంలో ఏముంది?” అని ఆలోచించారు. పదిహేనేళ్ల అంబులెన్స్‌ని కూడా తిప్పమని నేను అనడం లేదు, తిప్పకూడదు. కొండ మీది పీహెచ్‌సీలో ఒక ముసలి జీపుని తుక్కు కింద రాసేస్తే మర్నాటి నుంచి ఆ ఊళ్ల గతేంటని అలాగే ఆగి ఆలోచించినవాడు ఎవడని అడుగుతున్నాను.

“పోలీసోళ్ల ప్రాణాలు నీకు లెక్కలేదా?” అని కింద కామెంట్లలో అడుగుతారు, నాకు తెలుసు. లెక్క ఉంది. 2005లో బీజాపూర్ వైపు మందుపాతర తట్టుకుంటుందన్న బండిలోనే 24 మంది పోయారు. 2019 మే 1న గడ్చిరోలిలో 15 మంది పోలీసులు, ఒక డ్రైవర్ చనిపోయారు. వాళ్లు వెళ్లింది అద్దెకి తీసుకున్న ప్రైవేటు బండిలో. 2025 జనవరి 6న బీజాపూర్‌లో 8 మంది డీఆర్‌జీ జవాన్లు, ఒక డ్రైవర్. డీఆర్‌జీ అంటేనే అక్కడి ఊళ్ల నుంచి తీసుకున్న మన పిల్లలు. వార్తలో ప్రతిసారీ డ్రైవర్‌ని చివర్లో, విడిగా లెక్కపెడతారు, గమనించారా? “ఎనిమిది మంది జవాన్లు, ఒక డ్రైవర్.” స్టీరింగ్ పట్టినవాడు జీతంలో చివర, గౌరవంలో చివర, శవాల లెక్కలోనూ చివరే. మన ఏజెన్సీలో హోంగార్డుగా స్టీరింగ్ పట్టే మన అన్నదమ్ముల సంగతీ అంతే. రోజుకూలీ లెక్కన డబ్బులు. పోలీసు బండికి గాలి తియ్యమని నేను ఏనాడూ అనను. ఆ బండి నడిపేవాడికి పర్మనెంట్ ఉద్యోగం ఇమ్మంటాను, మా అంబులెన్స్‌కి కూడా అదే పరేడ్ పెట్టమంటాను.

మధ్యలో ఇంకో మాట. స్టేషన్ల వెనక ఎప్పుడైనా చూశారా? గంజాయి కేసుల్లో పట్టుకున్న బైకులు, ఆటోలు, జీపులు వరసగా తుప్పు పట్టి, సీట్లలోంచి గడ్డి మొలిచి ఉంటాయి. పట్టుబడ్డ బళ్లని స్టేషన్లలో ఏళ్లకేళ్లు పెట్టొద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఒకే కాంపౌండ్‌లో ముందు వైపు రోజూ తుడిచే బళ్లు, వెనక వైపు మట్టిలో కలిసే బళ్లు. బండి బాగుండటం, పాడవటం వానల చేతిలో లేదని ఆ కాంపౌండ్ చూస్తే చాలు, ఇంకే సాక్ష్యం అక్కర్లేదు.

మన నేల మీద ఇది పాత కథే. వందేళ్ల కిందట నర్సీపట్నం నుంచి గూడెం కొండల్లోకి రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దార్ బాస్టియన్ మన తాతలకి కూలీ ఎగ్గొట్టి, కొట్టి పని చేయించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషన్ మీదికి జనం ఊరికే పోలేదు. రోడ్డు మన చేతులు వేశాయి, దాని మీద ముందు తిరిగింది సర్కారు బలగం. ఇప్పుడు కూలీ ఇస్తున్నారు, రోడ్లు పెరిగాయి, కాదనను. రోడ్డు వచ్చిన ఊరికి ముందు ఏ బండి వస్తుందన్నదే ఇంకా మారలేదు.

2026 మార్చి 31 నాటికి నక్సలిజాన్ని అంతం చేస్తామని కేంద్ర హోంమంత్రి గడువు పెట్టారు. సరే, వాళ్ల మాటే తీసుకుందాం. కూంబింగ్ తగ్గితే ఆ బళ్లు, ఆ డ్రైవర్లు, ఆ వర్క్‌షాపులు, కొండల మీది ఆ వైర్‌లెస్ రిపీటర్లు ఏమవుతాయి? నా ఫోన్‌కి సిగ్నల్ లేని చోట స్టేషన్‌లో వీహెచ్‌ఎఫ్ సెట్టు గరగరమంటూ మాట్లాడుతూనే ఉంటుంది. ఆ సెట్టు మీద ఒక గర్భిణి గురించి 108కి కబురు చేరవేయడానికి ఏ చట్టం అడ్డు? ఇప్పుడు మంచి మనసున్న కానిస్టేబుల్ ఉంటే చేరవేస్తాడు, లేకపోతే లేదు. ఆ పని ఒకరి మంచితనం మీద కాదు, ఆర్డర్ మీద నడవాలి. ఐటీడీఏ ఉన్న ప్రతి చోటా పోలీసు ఎంటీ వర్క్‌షాపులోనే ఆరోగ్య శాఖ బళ్లకీ, బైక్ అంబులెన్సులకీ సర్వీసింగ్ చేయమని జీవో ఇవ్వాలి. మెకానిక్ ఉన్నాడు, రెంచీ ఉంది, గొయ్యి తవ్విన షెడ్డు ఉంది, లేనిది కాగితం ముక్క. అత్యవసరంలో రోగిని ఎక్కించుకున్న పోలీసు డ్రైవర్ “వైద్యం” అని లాగ్‌బుక్‌లో ధైర్యంగా రాసుకునే రూలు కావాలి. ఆ కిలోమీటర్లకి ఎవడూ అతన్ని సంజాయిషీ అడగకూడదు.

జీవో వచ్చేదాకా మనం ఖాళీగా ఉండక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రంలో ఊరి స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లయితే అసలు కట్టక్కర్లేదు. పోలీసు బళ్ల సంగతి అడిగితే భద్రత అని దాటేస్తారు, దాని జోలికి పోవద్దు. అంబులెన్స్‌కి ఆ సాకు లేదు. మీ పీహెచ్‌సీకి ఇచ్చిన అంబులెన్స్, బైక్ అంబులెన్స్ లాగ్‌బుక్ నకళ్లు గత ఏడాదివి అడగండి. ఎన్ని రోజులు కదిలింది, ఎన్ని రోజులు ఆగింది, ఆగితే రిపేరుకి ఎవరు ఎప్పుడు రాశారు, ఎవరు జవాబిచ్చారు, డ్రైవర్ పోస్టు ఎన్ని నెలలుగా ఖాళీ? 30 రోజుల్లో జవాబివ్వాలి. మనిషి ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆ వాక్యం దరఖాస్తులో రాయండి. వచ్చిన నకళ్లు గ్రామసభలో పెద్దల ముందు చదివి వినిపించండి, తీర్మానం రాయించండి, ఒక ఫొటో తీసి ఈ పేజీకి పంపండి.

మా పీహెచ్‌సీకి నేను పోయిన వారమే వేశాను. రసీదు ఇవ్వడానికి గుమస్తా రెండుసార్లు తిప్పాడు, మూడోసారి మా వదినని, చంకలో పాపని వెంటబెట్టుకుని వెళ్తే ఇచ్చాడు. జవాబు వచ్చిన రోజు ఉన్నది ఉన్నట్టు ఇక్కడే పెడతాను.