ఏ కాలో రాయని చీటీలు

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మన బీఎస్సీ అన్నలు, అక్కలు కొందరు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటున్నారు. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి ఐసీడీ-10-సీఎం కోడ్లు వేసే పని. మా హాస్టల్ సీనియర్ పుస్తకం తిరగేస్తూ షుగరు పుండు దగ్గర ఆగిపోయా.

టైప్ 2 షుగరుతో పాదానికి పుండు పడితే ఇ11.621. అదొక్కటే చాలదు, వెంట ఎల్97 కోడ్ కూడా వేయాలి. ఏ కాలు, మడమా వేళ్లా, ఎంత లోతు అనేది అందులో ఉంటుంది. కుడికాలి వేలికి చర్మం వరకే అయితే ఎల్97.511, కొవ్వు పొర కనిపిస్తే 512, కండ చచ్చిపోతే 513, ఎముక దాకా చచ్చిపోతే 514. లోతు రాయకపోతే 519. కోడర్ సొంతంగా ఊహించి వేయకూడదు.

మా పెదనాన్న ఓపీ చీటీలు గుర్తొచ్చాయి. అన్నిట్లో ఒకటే మాట: ‘కాలికి పుండు, డ్రెస్సింగ్’. ఏ కాలో కూడా లేదు. చివరికి పట్నం తీసుకెళ్తే అక్కడి డాక్టర్ “మొదట ఎంత ఉండేది? ఎప్పుడు నల్లబడింది?” అని అడిగారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వేలు తీసేశారు. రాసుంటే వేలు మిగిలేదని నేననను. కానీ పుండు పెరుగుతోందని మూడో చీటీకే తెలిసేది కదా.

“ఆ వివరాలన్నీ అమెరికా వాళ్ల ఇన్సూరెన్స్ బిల్లు కోసం” అంటారు. నిజమే. కానీ మనకే ఇంకా ఎక్కువ అవసరం అంటాను. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుంది, పోడులో ముల్లు దిగినా తెలీదు. పైగా మనవాళ్లను ఒకసారి ఏఎన్ఎం చూస్తుంది, ఇంకోసారి కొత్త డాక్టర్. అందరి చేతికీ అందేది ఆ చీటీ ఒక్కటే.

ఓపీలో డాక్టర్లకు టైం ఉండదు, ఒప్పుకుంటా. అయితే ఆ కోడింగ్ రూల్స్‌లోనే ఒక సంగతి ఉంది. జబ్బు ఏంటో డాక్టరే రాయాలి, పుండు లోతు మాత్రం నర్సు రాసినా చెల్లుతుంది. కట్టు విప్పి చూసేది సిస్టరే. ‘కుడి చిటికెన వేలు, 2 సెం.మీ., కొవ్వు కనిపిస్తోంది’, తేదీ. అర నిమిషం పని.

పెదనాన్నకు ఇప్పుడు ఎడమ మడమ పగిలింది. సెలవులకు వెళ్లినప్పుడు స్కేలు పెట్టి కొలిచి చీటీ వెనక నేనే రాశా. సిస్టరమ్మ చదివి ఏమీ అనలేదు. తర్వాత వారం కొలత ఆమే రాసింది.