పైసలు మా చేతిలో పెట్టుండ్రి, బర్రెను మేమే కొనుక్కుంటాం

"మాల మాదిగోళ్ల చేతిల పైసలు పెడితే పొద్దుమీకేసరికి కల్లు దుకాణంల తేలుతరు." ఈ మాట మేము పుట్టినకాడి నుంచి వింటున్నాం. గడీ ముందర విన్నాం, బ్యాంకు కౌంటరు కాడ విన్నాం, టీవీలో కూర్చొని దేశం దివాలా తీస్తోందని ఏడ్చే పెద్దమనుషుల నోట విన్నాం. ఇప్పుడు మన వాడల్లో నాలుగక్షరాలు నేర్చిన తమ్ముళ్లు కొందరు కూడా ఇదే పాట ఎత్తుకున్నారు. అందుకే ఈ రాత.

2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది. జనం ఇండ్ల కప్పుల మీదికి, చెట్ల మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు వచ్చాయి. నలుగురు కొట్టుకుపోయారు. కొట్టాల్లో కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయి. ఏడాది తిరిగింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం సీతారాంతండాను ఆకేరు వాగు ముంచింది. మంత్రులు వచ్చారు, ముఖ్యమంత్రి వచ్చారు. బురద ఎత్తిపోసుకున్నది మాత్రం తండావాళ్లే.

అప్పుడు ప్రభుత్వం కొన్ని లెక్కలు చెప్పింది. ఇంట్లోకి నీళ్లొచ్చిన కుటుంబానికి మొదట 10 వేలు, తర్వాత 16,500. చనిపోయిన పశువుకు 50 వేలు, మేకకో గొర్రెకో 5 వేలు. పంటకు ఎకరానికి 10 వేలు. మంచిదే. ఇయ్యొద్దని మేము అనం. కానీ ఈ లెక్కను వాగొడ్డున ఉన్న వాడలోని ఒక ఇంటికి పట్టుకొచ్చి చూద్దాం. ఆలుమగలిద్దరూ కూలి. ఒక బర్రె, నాలుగు మేకలు. సెంటు భూమి లేదు. బర్రెకు 50 వేలు, మేకలకు 20 వేలు, ఇంటికి 16,500. మొత్తం 86,500. కాగితం మీద బాగనే ఉన్నది. బర్రె కళేబరం ఏది? వాగు తీసుకపోయింది. పశువుల డాక్టరు దేన్ని చూసి రాసిస్తాడు? రాత లేకుంటే 70 వేలు గాలికి పోయినట్టే. ఇక మిగిలింది 16,500.

అదే ఊళ్లో పదెకరాల ఆసామి భూమిని కౌలుకిచ్చి పట్నంలో ఉంటాడు. పంట పోయిందని రాస్తే పైసలు పడేది పాసుబుక్కు ఉన్నాయన ఖాతాలో. కౌలుదారుకు కూడా ఇస్తామని 2023 మార్చి వడగండ్లప్పుడు అప్పటి ముఖ్యమంత్రి నోటితో అన్నారు. అన్నమాట నిజమే. కౌలుదారు అని చూపించుకోవడానికి మనోడి చేతిలో కాగితమేది? కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వాలని 2011లోనే చట్టం వచ్చింది, అది బీరువాలో పడుకుంది. చేనులో పత్తి నల్లబడితే రైతు పంట పోతుంది, ఆ పత్తి ఏరే తల్లి కూలి కూడా పోతుంది. మిర్చి కళ్లాలు తడిసిపోతే ఏరుడు కూలి పోతుంది. ఆస్తి పోతే నష్టమట, పని పోతే నష్టం కాదట! ఇదేం న్యాయం?

ఇక్కడ ఒక విషయం ప్రతి వాడలోనూ నలుగురికి చదివి వినిపించండి. కేంద్ర విపత్తు సహాయ నిధికి 2022-26 కాలానికి రాసుకున్న నిబంధనల్లోనే, బతుకుదెరువు తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబానికి ఇద్దరు పెద్దమనుషుల లెక్కన, ఉపాధి హామీ కూలి రేటుతో, 30 రోజుల దాకా ఇవ్వవచ్చని ఉంది. 2024-25లో తెలంగాణలో ఆ రేటు 300. ఇద్దరికి 30 రోజులంటే 18 వేలు. ఎవరైనా మీ వాడలో దీని గురించి చాటింపు వేశారా? చావుకు, పెండ్లికి, సర్కారు ప్రతి పనికి డప్పు కొట్టింది మనమే. మనకు రావలసిన దానికి మాత్రం డప్పు మోగదు.

ఆ 18 వేలు వారం రోజుల్లో చేతిలో పడితే ఏమైతది? సంవత్సరం తర్వాత పడితే ఏమైతది? తేడా అంతా ఇక్కడే ఉంది. బర్రె పోయిన ఇల్లు ఆగదు. 40 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది. నెలకు 1,200, ఏడాదికి 14,400 వడ్డీ, అసలు అసలే ఉంటుంది. వడ్డీ కట్టడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది, పిల్లగాడు ఇటుక బట్టీకో హైదరాబాద్ అడ్డా మీదికో పోతాడు. అప్పుడు వచ్చే సాయం మనకు రాదు, వడ్డీవ్యాపారికి పోతుంది. అదే రొక్కం వెంటనే, పూర్తిగా, ఇంటి ఆడమనిషి ఖాతాలో పడితే ఆమెకు దారి తెలుసు. ముందు బియ్యం, ఉప్పు, పప్పు. తర్వాత రెండు మేకపిల్లలు. ఆరు నెలలకు ఈతకొస్తే ఒకటి అమ్మి కప్పుకు రేకులు. ఈ లెక్క ఏ కన్సల్టెంటూ ఆమెకు చెప్పనక్కర లేదు.

తాగుడంటారా? మనోళ్లు తాగరని మేము బొంకం. తాగేటోడు కూలి పైసలతోనూ తాగుతాడు. బెల్టు షాపు మన వాడ మొగదల పెట్టించి, ఆ రాబడితో ఖజానా నింపుకునే సర్కారు మనకు నీతులు చెప్పడమే వింత. మధ్యప్రదేశ్‌లో 2011-12లో సేవా సంఘం వాళ్లు కొన్ని ఊళ్లలో సుమారు ఆరువేల మందికి షరతులు లేకుండా నెలనెలా రొక్కం ఇచ్చి చూశారు. తిండి మెరుగైంది, పశువులు పెరిగాయి, తాగుడు పెరగలేదు. ప్రపంచ బ్యాంకు వాళ్లే 2014లో పలుదేశాల 19 అధ్యయనాలు ముందేసుకుని చూస్తే, రొక్కమిస్తే తాగుడు పెరుగుతుందనే మాట నిలబడలేదు. 2023 అక్టోబర్ 21న ఇదే భూపాలపల్లి జిల్లాలో మేడిగడ్డ పియర్లు కుంగాయి. ఆ కోట్లు తాగి తగలేశారని ఏ పెద్దమనిషైనా అన్నాడా?

అసలు మన చేతికి రొక్కం రావడమంటేనే వీళ్లకు కడుపుమంట. దానికి మూలం ఉంది. జనగామ తాలూకాలో విసునూరు దొర ఏలుబడిలో మన తాతలు చెప్పులు కుట్టిచ్చారు, మోటకు తోలు ఇచ్చారు, బరువులు మోశారు. రొక్కం కళ్లచూసింది లేదు. కల్లం కాడ ఊడ్చిన గింజలు కొన్ని చాటలో పోస్తే అదే బతుకు. గింజలు పోసేటోడు ఎప్పుడు పోస్తాడో, ఎన్ని పోస్తాడో వాడిష్టం. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య పడిపోయింది ఆ వెట్టి మీద లేచిన పోరులోనే. 1928లో బాబాసాహెబ్ బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టి, ఊరు వేసే గింజలను రొక్కంగా మార్చాలని ఎందుకు అడిగాడు? గింజ పోసే చేయికి దండం పెట్టాలి. రొక్కానికి ఆ దండం అక్కర లేదు.

దొరలు పోయి పథకాలొచ్చినా ఆ బుద్ధి పోలేదు. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం రోజుల్లో బర్రెల లోను గుర్తుందా? బర్రెను మనం చూసుకునేది లేదు. దళారి చూపించిందే బర్రె, డాక్టరు రాసిందే పాలు. ఒకే బర్రె నాలుగూళ్లు తిరిగి నలుగురి పేరు మీద ఫొటో దిగేది. బర్రె ఒట్టిపోయినా లోను ఒట్టిపోలేదు, నోటీసులు మాత్రం వాడకొచ్చాయి.

2021లో దళితబంధు వచ్చింది. కుటుంబానికి 10 లక్షలు, అప్పు కాదు, బ్యాంకు పూచీ లేదు. ఆ ఆలోచన మంచిదని మేము అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటున్నాం. కానీ ఆగస్టులో వాసాలమర్రిలో 76 కుటుంబాలతో మొదలై, ఉప ఎన్నిక ముందరున్న హుజూరాబాద్‌కు పరిగెత్తింది. తర్వాత మిగిలిన నియోజకవర్గాలకు తలా వంద కుటుంబాలన్నారు. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, మహబూబాబాద్, డోర్నకల్, భూపాలపల్లి, ఆరూ కలిపితే 600. రాష్ట్రంలో 17 లక్షల దళిత కుటుంబాలని లెక్క చెప్పింది వాళ్లే! జాబితా ఎవరు రాసిన్రు? ఎమ్మెల్యే. ఎమ్మెల్యే సిఫారసు అక్కర లేదని 2022 నవంబర్‌లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. మూడేసి లక్షలు తింటున్నారని 2023 ఏప్రిల్ 27న పార్టీ సభలో స్వయంగా ముఖ్యమంత్రే తన ఎమ్మెల్యేలను హెచ్చరించారు. పది ఇచ్చి మూడు గుంజితే మిగిలేది ఏడు. ఆ ఏడు కూడా చేతికి రాదు. ప్రత్యేక ఖాతా, కొటేషన్, అధికారి సంతకం. బర్రె కాడ మొదలైన కథ ట్రాక్టర్ కాడికి వచ్చింది, అంతే.

ఇక కొత్త పాలకులు. 2023 ఆగస్టు 26న చేవెళ్లలో 12 లక్షలన్నారు. 2025 జనవరి 26న నాలుగు పథకాలు మొదలుపెట్టిన రోజు ఆ 12 లక్షల ఊసు లేదు. ఆ నాలుగింటిలో ఒకటి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా. భూమిలేని కూలికి ఏడాదికి 12 వేలు. మొదటిసారి కూలిని కూలిగా గుర్తించారు, ఒప్పుకుంటాం. కానీ షరతు చూడండి. భూమి ఉండొద్దు, 2023-24లో ఉపాధి హామీ పని 20 రోజులు చేసి ఉండాలి. తాత సంపాదించిన ఐదు గుంటలున్న మాదిగ ఇంటికి ఎకరానికి 12 వేల లెక్కన రైతుభరోసా ఏడాదికి 1,500. భూమి ఉందని ఆత్మీయ భరోసా లేదు. ఇరవై ఎకరాల ఆసామికి 2 లక్షల 40 వేలు. ఐదు గుంటలుండటం నేరమైంది!

మన కామ్రేడ్లకు కూడా ఒక మాట. "రొక్కం మత్తుమందు, భూమి కోసం కొట్లాడాలె" అంటారు. భూమి వద్దని ఎవరన్నారు? 2014 ఆగస్టు 15న మూడెకరాలు అంటే నమ్మింది మేమే. సుమారు ఏడు వేల కుటుంబాల కాడ అది ఆగిపోతే రోడ్డెక్కింది మేమే. కానీ భూమి కమిటీ తీర్మానం అయ్యేదాకా పొయ్యిలో పిల్లి లేవొద్దా? అప్పుల్లో మునిగి ఆసామి కింద జీతమున్నోడు అదే ఆసామి భూమిలో జెండా పాతగలడా? చేతిలో నాలుగు నెలల గింజలున్నోడే సమ్మె చేస్తాడు. ఇది మీరే మాకు నేర్పారు, మీరే మరిచిపోయారు.

వానకాలం వస్తుంది, ఆకేరు, మోరంచ మళ్లీ పొంగుతాయి. అప్పటిదాకా ఆగొద్దు. వచ్చే గ్రామసభలో మన ఆడవాళ్లే ముందు కూర్చోవాలి. వాగొడ్డు ఇండ్లలో ఏ ఇంట్లో ఎన్ని బర్రెలు, ఎన్ని మేకలు, ఎన్ని కోళ్లున్నాయో ఇప్పుడే రాయించి పంచాయతీ ముద్ర వేయించాలి. అప్పుడు కళేబరం చూపించమనే మాట చెల్లదు. కౌలు చేసేవాళ్ల పేర్లు, కూలికి పోయేవాళ్ల పేర్లు అందులోనే ఎక్కాలి. 30 రోజుల కూలి సంగతి కలెక్టరుకు రాతపూర్వకంగా అడగాలి, జవాబు రాతపూర్వకంగానే తీసుకోవాలి. సాయం జాబితాను ఎమ్మెల్యే ఇంట్లో కాదు, మన వాడలో గోడకు అంటించాలి. మీ ఊళ్లో అంటించారో లేదో మాకు రాయండి. అంటించని ఊళ్ల పేర్లు వచ్చే సంచికలో వేస్తాం.